తప్పులు పట్టే కొలువు

నా చిన్నప్పుడు, రెండో తరగతిలో ఉండగా, బడి గేటు దగ్గర అమ్మతో మాట్లాడుతున్న మా టీచర్ ఉన్నట్టుండి గొంతు తగ్గించింది. చెప్పు కొనతో మట్టిలో గీతలు గీస్తున్న నేను ఆగిపోయాను. అంతకుముందు ఆమె నా మీద ఏం చెప్పినా పది మందికి వినిపించేలా చెప్పేది. గొంతు తగ్గిందంటే ఇది మామూలు ఫిర్యాదు కాదని భయం వేసింది. ఇంటికొచ్చాక అమ్మ నాన్నకు చెబుతుంటే విన్నాను. రెండు లైన్లు చదివేసరికి నా చూపు ఎటో పోతోందట. పరీక్షల్లోపు మారకపోతే మళ్ళీ రెండులోనే కూర్చోబెడతారట. నా జతగాళ్ళంతా మూడుకు వెళ్తారు, నేను మాత్రం ఆ బెంచీ మీదే, నాకంటే చిన్నవాళ్ళ మధ్య.

అమ్మ చేయని ప్రయత్నం లేదు. నన్ను గోడ వైపు తిప్పి కూర్చోబెట్టింది. నేను గోడ పెచ్చుల్లో ఏనుగుల్ని వెతుక్కున్నాను.

అప్పుడు మేం అశోక్‌నగర్‌లో ఉండేవాళ్ళం. డాబా మీది గదిలో పాలమూరు అక్క ఒకామె కిరాయికి ఉంటూ గ్రూప్స్ పరీక్షకు చదువుకునేది. చిక్కడపల్లి లైబ్రరీలో సీటు దొరకని రోజున డాబా మీద అటూ ఇటూ నడుస్తూ పాఠాలు పైకి అప్పజెప్పుకునేది. బట్టలు ఆరేయడానికి వెళ్ళినప్పుడు అమ్మ ఆమెకు నా సంగతి చెప్పినట్టుంది. మర్నాడు అక్క నన్ను పిలిచి తన పుస్తకం నా ఒళ్ళో పెట్టింది. తను చూడకుండా చెబుతుందట. నేను లైను కింద వేలు పెట్టి చూస్తూ, తప్పు పోతే పట్టుకోవాలట.

"నువ్వు పట్టకుంటే పరీక్షల గా తప్పే రాసొస్త. నా నౌకరి పోతది, జర సూస్కో," అంది.

మూడో లైనులోనే మూసీ నదిని గోదావరిలో కలిపేసింది. పుస్తకంలో కృష్ణ అని ఉంది. నేను తప్పని అరిస్తే, కృష్ణ ఒడ్డు పాలమూరు పిల్ల పరువు పోగొట్టినవని నెత్తి కొట్టుకుంది. మొదట్లో రెండు మూడు లైన్లకో తప్పు దొరికేది. తర్వాత సగం పేజీకొకటి, ఆ తర్వాత పేజీకొకటి. కింద ఐస్ బండి గంట మోగినా నేను లేవలేదని అమ్మ ఇప్పటికీ చెబుతుంది.

ఒకరోజు రెండు పేజీలు పూర్తయినా ఒక్క తప్పూ రాలేదు. ఏదీ తప్పని అడిగాను.

"ఇయ్యాల లేదు. ఈ పుస్తకం నాకు ఎప్పుడో నోటికొచ్చింది. కావాలనే తప్పు జెప్తున్న ఇన్ని దినాలు," అంది.

నాకు ఏడుపొచ్చింది. మోసం చేశావని పుస్తకం ఆమె మీదికి తోశాను. అక్క నవ్వలేదు.

"రెండు పేజీలాయె. పక్కకు సూసినవా మరి?"

ఆ ఏడాది నేను మూడో తరగతికి వెళ్ళాను. అక్క పరీక్ష రాసి గది ఖాళీ చేసింది. నౌకరీ వచ్చిందో లేదో తెలియదు. అన్ని తప్పులూ కావాలనే చేసిందా అని నాకు ఇప్పటికీ అనుమానమే. ఊరి నుంచి ఉత్తరం వచ్చిన రోజున రెండు జిల్లాల పేర్లు తారుమారు చేసింది. నేను పట్టుకోగానే ఆమె మొహం వాడిపోయింది. అది మాత్రం నిజం తప్పేమో.

నిన్న నారాయణగూడ బడిలో మా బాబు టీచర్, వీడు కుదురుగా కూర్చోవడం లేదని చెప్పింది. ఒకటో తరగతి పిల్లాడు. ఫోన్ దాచేశాను, తిట్టాను, బతిమాలాను. పుస్తకం చూడు, చూడు అని ఎన్నిసార్లు అన్నానో. అక్క నాకు ఆ మాట ఒక్కసారీ చెప్పలేదు. నేను చూడకపోతే చెడిపోయే పని ఒకటి నా చేతిలో పెట్టింది. ఇన్నేళ్ళ తర్వాత నాకు అర్థమైంది ఇంతే. వాడి విషయంలో పని చేస్తుందో లేదో తెలియదు.

వచ్చే శనివారం పిల్లల బడిలో అమ్మలంతా కథ చెప్పాలి. నేను చెప్పాల్సిన కథ నాకు నిజంగానే సగమే వచ్చు. ఈ పొద్దున ఆ కథ పుస్తకం తెచ్చి బాబు ఒళ్ళో పెట్టి, మా పెద్దమ్మాయిని కూడా పక్కన కూర్చోబెట్టి ఇద్దరికీ చెప్పాను:

"అందరి ముందు మరిచిపోతానని నాకు భయమైతుంది. లైను కింద వేలు పెట్టి సూడండి. నేను తప్పు చెప్తే ఆపండి. ఎంత చిన్న తప్పైనా ఊకోకండి."