సంగప్ప పడవ, మణెమ్మ దూలం

సంగప్ప పడవ తెచ్చిన రోజు నారాయణఖేడులో సగం ఊరు పని మానేసి చూడ్డానికి వచ్చింది. రాదా మరి! ఆ ఊళ్లో నీళ్లంటే చేంతాడు వేసి తోడుకునేవే గాని ఎక్కి తిరిగేవి కావు.

నిజాంసాగరు కట్ట లేచాక మంజీర నీళ్లు వెనక్కి ఎగదన్ని కల్హేర్ వైపు దాకా వచ్చాయి. అక్కడ బాతులు దిగుతున్నాయని, తహసీలును ఏలే హాకీం వాటి వేటకు పోతున్నాడని సంగప్ప చెవిన పడింది. అంతే, ఆ మనిషికి నిద్ర పట్టలేదు. ఒడ్డున కుళ్లుతున్న పాత పడవ ఒకదాన్ని అడిగి తీసుకుని, బండి మీద కట్టి, ఇంటి వాకిట్లో దించాడు. దాన్ని బాగుచేస్తాడట. అందులో హాకీం కూర్చుంటాడట. ఈయన తెడ్డు వేస్తాడట. ఉన్న ఊళ్లో తలెత్తుకు తిరగడానికి ఇంతకంటే దగ్గరి దారి దొరకలేదు పాపం!

భార్య మణెమ్మ పడవ చుట్టూ ఒకసారి తిరిగి, అడుగున వేలితో పొడిచింది. వేలు లోపలికి దిగబడింది.

"ఏందయ్యా గిది? కట్టెనా, పెండనా?"

"జర మెత్తవడ్డది. నడుమ దూలం, పక్కల వంపు కట్టెలు మారిస్తే పెండ్లికొడుకు లెక్క అయితది."

నడుము లేని పెళ్లికొడుకన్నమాట. మణెమ్మ బెంగ మణెమ్మకుంది. సిర్గాపూర్‌లో ఇచ్చిన కూతురు చంద్రమ్మకు తొలిచూలు. పురిటికి పుట్టింటికి వస్తుంది. నెలలు నిండేది సరిగ్గా వానలు పట్టే రోజుల్లో. ఇంట్లో చుక్క కారని గది ఒకటే ఉంది. ఆ గది ఆ పిల్లకు దక్కితే చాలు, ఈయన వాకిట్లో పడవ పెట్టుకున్నా ఏనుగును కట్టుకున్నా తనకు పట్టదు.

ఊళ్లో పడవ ముఖం చూడనివాళ్లంతా పడవల గురించి సలహాలు చెప్పారు. టేకు కావాలని అందరూ ఒక్క మాట మీద నిలబడ్డారు. టేకు ఎక్కణ్ణుంచి వస్తుంది? సొంత చేలో మొలిచినా అది సర్కారుదే. గొడ్డలి వేస్తే చెట్టుతో పాటు మనిషినీ తోలుకుపోతారు. సంగప్ప దిగాలుగా ఇంటి అరుగు మీద కూలబడి తల పైకెత్తాడు. అరె! ఇల్లంతా టేకే! తాత కట్టించిన ఇల్లు.

ముందు దొడ్డి తలుపు పోయి పడవకు అడుగు పలక అయింది. తర్వాత అటక పోయింది. వంపు కట్టెల కోసం బండి చక్రాలు విప్పాడు. ఎరువు తోలుకోవాల్సిన వేళ రైతు ఇంట బండి లేదు, పడవ ఉంది. తోలండి ఇక పడవతో ఎరువు!

"గా గదిల దూలం మీద చెయ్యేసినవో, నేను మనిషిని గాను," అని వేలు చూపించి చెప్పి, మణెమ్మ కూతురిని తీసుకురావడానికి సిర్గాపూర్ వెళ్లింది.

తిరిగి వచ్చేసరికి గదిలో దూలం లేదు. దాని చోట కప్పుకు ఆసరాగా ఒక వంకర తుమ్మ మొద్దు నిలబెట్టి ఉంది.

"దూలం యాడ వోయింది?"

"యాడ వోలేదే. వాకిట్లనే ఉన్నది," అన్నాడు సంగప్ప.

మణెమ్మ ఆ పూట తిట్టిన తిట్లు రాసే పని పెట్టుకోను. ఆయన మాత్రం పడవను నాలుగు మొద్దుల మీద బోర్లించి, సందుల్లో జనపనార కూరి, గుగ్గిలం కాచి పూస్తూనే ఉన్నాడు.

మొదటి గట్టి వానకే తుమ్మ మొద్దు ఒరిగింది. పెంకులు జారాయి. తల్లీకూతుళ్లు బయటికి ఉరికిన మరుక్షణం గది కూలింది. చంద్రమ్మకు నొప్పులు మొదలయ్యాయి. ఎటు పోవాలి? మణెమ్మ బోర్లించి ఉన్న పడవ కిందికి కూతుర్ని నెట్టి, చుట్టూ గొంగళ్లు, గోనెలు కట్టింది. మంత్రసాని ఎలీసబెతు వంగి లోపలికి దూరి, "నేను మస్తు కాన్పులు జేసిన గని, పడవ కింద జెయ్యలే తల్లీ," అంది. మగపిల్లవాడు పుట్టాడు.

పసివాడి బొడ్డు ఇంకా ఊడనే లేదు, జవాను దేవప్ప వచ్చి వాకిట్లో నిలబడ్డాడు.

"సంగప్పా! హాకీం సాబ్ బాతుల షికారుకు పోతుండు. నీ పడవ తెమ్మన్నడు. జల్దీ!"

లోపల మణెమ్మ చెయ్యి పసివాడి మీదే ఆగిపోయింది. ఇంకేముంది, ఇచ్చేస్తాడు. గోనె సందులోంచి చూసింది. సంగప్ప ముఖం వెలిగిపోతోంది. తలగుడ్డ సరిచేసుకున్నాడు.

"పడవ తయారే ఉన్నది దేవప్పా! సుక్క నీళ్లు జొరవడవు."

మణెమ్మ కళ్లు మూసుకుంది.

"గని, దాని కింద నా బిడ్డ బాలింత ఉన్నది. ఒకపారి ఇంటి మీది దూలం దీసిన. ఇంకోపారి దీయ."

"సర్కార్ హుకుం! ఖాళీ చేతులతోని పోతే నా తోలు దీస్తరు."

"ఖాళీ చేతులెందుకు? నన్ను తోలుకపో. నీళ్లల్ల నిలవడి బాతులను లేపుత."

మోకాటి లోతు వాగు దాటాలన్నా ఎద్దు తోక పట్టుకునే మనిషి ఆయన!

దేవప్ప వెంట పోయిన సంగప్ప మర్నాడు చీకటి పడ్డాక వచ్చాడు. రొమ్ము దాకా బురద, పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. వాన ఇంకా కురుస్తూనే ఉంది. పురిటి చోటికి మగవాళ్లు రాకూడదని పడవకు దూరంగా నిలబడ్డాడు.

"పిల్లగాడు తడిసెనా?"

"తడువలే. నువ్వైతే లోపటికి రా," అంది మణెమ్మ, గోనె పైకెత్తి పట్టుకుని.

వంగి దూరాడు. చోటు చాలలేదు. తల, రొమ్ము లోపల పెట్టి పడుకున్నాడు; కాళ్లు రెండూ బయట వానలో తడుస్తూనే ఉన్నాయి.