బాలవ్వ ఒక్కపొద్దు

సూరత్ భేస్తాన్‌లో మా గల్లీ చివరి ఇల్లు బాలవ్వది. సిరిసిల్ల నుంచి కాపురానికి వచ్చిన కొత్తలో ఆమె రివటలా ఉండేదని భర్త నర్సింగం ఇప్పటికీ అంటాడు. ఆ మాట ఎవరూ నమ్మరు. చీరల మీద రాళ్లు అతికించడం ఆమె పని. పొద్దున మగ్గాల మోత మొదలయ్యేసరికి గోడకు ఆనుకుని, చీర ఒళ్లో పరుచుకుని కూర్చుంటుంది. వంటకూ నీళ్లకూ తప్ప లేవదు. ఒళ్లు ఏళ్ల తరబడి ఆమెకే తెలియకుండా పెరుగుతూ వచ్చింది. దాని గురించి ఆమె ఎన్నడూ దిగులుపడలేదు, తమ్ముడి ప్రాణం దాని మీదే ఆధారపడి ఉందని డాక్టరు చెప్పిన రోజు వరకు.

తమ్ముడు మహేశ్ అదే గల్లీలో తల్లితో, భార్యతో ఉంటాడు. మగ్గం నడిపేవాడు. రెండు కిడ్నీలూ పాడై డయాలిసిస్ మీద బతుకుతున్నాడు. డయాలిసిస్ సూది గుచ్చడానికి ఎడమచేతిలో కుట్టి తయారుచేసిన నరం మూసుకుపోయింది. కుడిచేతిలో మరొకటి తయారుచేశారు కానీ అదీ మొరాయిస్తోంది. భార్య విజయరాణికి కాన్పు నాటి నుంచే షుగర్. తల్లి వెంకటవ్వకు డెబ్బై దాటాయి. కిడ్నీ ఇవ్వగలిగిన మనిషిగా అక్క ఒక్కతే మిగిలింది. రక్తం కూడా కలిసింది.

ఆస్పత్రిలో పెద్ద డాక్టరు కాగితాలన్నీ చూసి, కిడ్నీ బాగానే ఉంది, మీరే బాగా లేరు అన్నాడు. బరువు ఎక్కువ, షుగర్ అంచు మీద ఉంది. ఒకటి తీసేశాక మిగిలిన ఒక్కదానితో మీరు బతకాలి కదా, ఈ ఒంటితో అయితే నేను కత్తి పట్టను. తగ్గి రండి, హోలీ తర్వాత మళ్లీ చూస్తాను అన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు, ఆటో ఉధనా దాటాక మహేశ్ అన్నాడు.

“అక్కా, నేను పచ్చగుండాల్నంటే నువ్వు ఎండాల్నన్నట్టు.”

“ఎండుత తియ్ రా,” అంది బాలవ్వ.

ఆ సాయంత్రమే ఆమె మార్కండేయుడి గుడికి వెళ్లింది. యముడి చేతి నుంచి తప్పించుకున్న ఆ స్వామే మా పద్మశాలీలకు మూలపురుషుడు. తమ్ముడికి కిడ్నీ పెట్టేదాకా ఒక్కపొద్దు ఉంటానని తల్లి ముందరే మొక్కుకుంది. రోజుకు ఒక్క పూటే అన్నం. మొక్కూ తీరుతుంది, ఒళ్లూ తగ్గుతుంది. ఇంతకన్నా మంచి ఉపాయం ఉంటుందని ఆమెకే కాదు, గల్లీలో మాకెవరికీ తోచలేదు.

ఒక్కపొద్దులో రెండో పూట అన్నం ముట్టరు, ఫలహారం చేస్తారు. మా ఊళ్లలో ఫలహారమంటే ఒక పండు, ఇన్ని పాలు. సూరత్‌లో ఆ మాట వెనక పెద్ద వంటిల్లే ఉంది. ఉపవాసం నాటి తిండిని ఇక్కడి వాళ్లు ఫరాళ్ అంటారు. నేతిలో వేయించిన సగ్గుబియ్యం ఖిచిడీ, ఆలుగడ్డ చిప్స్, బెల్లం పట్టించిన పల్లీలు. వీటిలో దేనిలోనూ బియ్యం గింజ గానీ గోధుమ గింజ గానీ ఉండదు, కాబట్టి మొక్కు చెడదు. ఆకలి దహించుకుపోయే సాయంత్రాలు బాలవ్వ అవి తిని, పైన తియ్యటి చాయ్ తాగి, మళ్లీ రాళ్లు అతికించడానికి కూర్చునేది. పొద్దున ఏమీ తినేది కాదు. మధ్యాహ్నం ఒకే పూట కాబట్టి అన్నం ఇంకాస్త వడ్డించుకునేది. ఒక్కపొద్దు తప్పకుండా ఉంటున్నానన్న నమ్మకంతో ఆమె ముఖం కూడా తేటపడింది.

హోలీ తర్వాత పరీక్షల్లో బరువు కాస్త పెరిగింది. షుగర్ అంచు దాటింది. ఒంట్లో రక్తం తగ్గిపోయింది.

పెద్ద డాక్టరు ఈసారి కోప్పడలేదు, అదే ఆమెను ఎక్కువ భయపెట్టింది. ఇంకొక్కసారి చూస్తాను, అప్పటికీ ఇలాగే ఉంటే మీ పేరు కొట్టేస్తాను, మీ తమ్ముడు చనిపోయినవాళ్ల కిడ్నీ కోసం వరసలో నిలబడాల్సిందే అన్నాడు. ఆ వరస ఎంత పొడుగో డయాలిసిస్ గదిలో కూర్చునే వాళ్లందరికీ తెలుసు.

అక్కడే తిండి గురించి చెప్పే ఒక గుజరాతీ అమ్మాయి ఉంది. మొదట ఆమె ఉపవాసాలుంటారా అని అడిగితే బాలవ్వ లేదని చెప్పింది. అబద్ధం కాదు. ఒక పూట అన్నం తిని, ఇంకో పూట ఇన్ని తిండ్లు తినేదాన్ని ఉపవాసమని ఆమె అనుకోలేదు. అప్పుడు ఆ అమ్మాయి ఆ ప్రశ్న వదిలేసి, నిన్న నిద్రలేచిన దగ్గర నుంచి ఏమేం నోట్లో వేసుకున్నారో చెప్పమంది. బాలవ్వ తనకొచ్చిన హిందీలో, నిన్న ఏమీ లేదు, నాది ఒక్కపొద్దు అంది. ఒక్కపొద్దు అంటే? ఒక్కసారే భోజనం. మరి మిగతా పొద్దంతా? ఫరాళ్.

ఆ అమ్మాయి కలం పక్కన పెట్టేసింది. మా అమ్మ కూడా శ్రావణమంతా ఉపవాసమే, నెలాఖరుకు జాకెట్లన్నీ బిగుతైపోతాయి అని నవ్వింది. నవ్వు ఆపి, వివరంగా చెప్పింది. పొద్దున తినాలి, మధ్యాహ్నం తినాలి, పొద్దుగూకే వేళకు తినేయాలి. జొన్నరొట్టె, పెసర్లు, ఆకుకూర, కోడిగుడ్డు, మజ్జిగ. అన్నం గుప్పెడు. చక్కెర, సగ్గుబియ్యం, వేయించినవి బంద్. రోజూ చెమట పట్టేలా నడక. కడుపు మాడ్చుకుంటే మీ తమ్ముడికి మీరు పనికిరారు, తింటేనే పనికొస్తారు అంది.

అంటే మొక్కు విడవాలి. విడిస్తే దేవుడు ఊరుకుంటాడా? విడవకపోతే డాక్టరు ఊరుకోడు.

తల్లికి చెప్పినప్పుడు వెంకటవ్వ అరవలేదు. “మొక్కు కట్టింది నువ్వే, ఇడిసేది నువ్వేనా? వానికేమన్నయితె నేనెవల్ని అడగాలె?” అని లోపలికి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున్నే ఖాడీ కాలువ పక్క రోడ్డు మీద ఆయాసపడుతూ నడిచి వచ్చి, బాలవ్వ కంచం ముందు కూర్చుంది. మొదటి ముద్ద నోట్లో ఉండిపోయింది, మింగుడుపడలేదు. తమ్ముడి ప్రాణం తానే నములుతున్నట్టనిపించిందని తర్వాత చెప్పింది. నీళ్లతో దింపుకుంది.

ఆ తర్వాతి సోమవారమే మహేశ్ పడిపోయాడు. మధ్యాహ్నం కాళ్లు పట్టు తప్పుతున్నాయన్నాడు. మంచం దిగబోయి కూలబడ్డాడు. నర్సింగం మగ్గం ఆపి పరిగెత్తుకొచ్చి, బామ్మర్దిని భుజాన వేసుకుని ఆటో ఎక్కించాడు. ఆస్పత్రిలో నాడి చూసిన చిన్న డాక్టరు ముఖం మారింది. గుండె తప్పు తప్పుగా కొట్టుకుంటోందట. స్ట్రెచర్ లోపలికి తోసుకుపోయి తలుపు మూశారు.

వసారాలో బెంచీ మీద వెంకటవ్వ కూతురి వైపు చూడకుండానే అంది: “పొద్దుగాల తిన్నవ్ గద బిడ్డా. ఆకలైతలేదా? పో, ఇంకింత తినిరా.”

తాను తిన్నందుకే ఇలా అయిందని బాలవ్వ కూడా అనుకుంటూనే ఉంది. తలుపు మీది గాజు బిళ్లలోంచి ఎవరి కదలికా కనపడటం లేదు. ఇప్పుడే గుడికి పోయి తప్పైందని చెంపలేసుకుంటే సరిపోతుందా అని లెక్కవేసుకుంటూ కూర్చుంది.

చాలాసేపటికి చిన్న డాక్టరు బయటికి వచ్చి, గండం గడిచింది, డయాలిసిస్ నడుస్తోంది అన్నాడు. తర్వాత ఇవాళ ఏం తిన్నాడు, ఏం తాగాడు అని హిందీలో గట్టిగా అడిగాడు. విజయరాణి అత్తవైపు చూసి తల దించుకుంది. కొబ్బరినీళ్లు తాగాడు, అరటిపళ్లు తిన్నాడు అని మెల్లగా చెప్పింది. కూతురు విడిచిన మొక్కుకు తప్పు కట్టాలని వెంకటవ్వ పొద్దున గుడికి వెళ్లి అరటిపళ్లు పెట్టి కొబ్బరికాయలు కొట్టించింది. ఆ ప్రసాదం తెచ్చి కొడుకు చేతికిచ్చింది. అవి తనకు పడవని మహేశ్‌కు తెలుసు. తల్లి ఎదురుగా నిలబడి ఉంటే కాదనలేకపోయాడు. డాక్టరు నెత్తి పట్టుకున్నాడు. కిడ్నీ పనిచేయనివాడికి అవి గుండెను ఆపేసే తిండి, ఎన్నిసార్లు చెప్పాను అన్నాడు.

వెంకటవ్వకు హిందీ రాదు. “ఏమంటుండు? నీ మొక్కు సంగతేనా?” అని అడిగింది.

బాలవ్వ నాలుక చివర మాట సిద్ధంగా ఉంది. బెంచీ మీద విన్న ఎత్తిపొడుపుకు అది సరిపోయే జవాబే. తల్లి చేతుల్లో కొబ్బరి పీచు ఇంకా అంటుకుని ఉండటం చూసి ఆగింది.

“వానికి పెట్టాల్నన్నది ఇగ నాకు పెట్టు అవ్వా. వాని పేరు మీద నేను తింట. రేపు వాని ఒంట్లకు పోయేది నాదే గద.”

ముసలామె కూతురినీ, కోడలినీ, మూసిన తలుపునూ మార్చి మార్చి చూసింది. “కొబ్బరినీళ్లేనా?” అంది చివరికి. బాలవ్వ అవుననలేదు, కాదనలేదు. వెంకటవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అలాగే కూర్చుండిపోయింది.

మర్నాడు పొద్దున బాలవ్వ నడిచి వచ్చేసరికి ఇంట్లో జొన్నరొట్టె తడుతున్న చప్పుడు. తల్లి కంచంలో రొట్టె, పెసర్లు, తోటకూర పెట్టి ఎదురుగా కూర్చుంది. సగం తిని చెయ్యి ఆపితే, “ఇడువకు, అది వాని పాలు,” అంది.

ఆ తర్వాత రోజులు సులువుగా గడవలేదు. ఖాడీ రోడ్డు మలుపులో ఫర్సాన్ చిరుతిళ్ల దుకాణం ఉంది. కడాయిలో ఆలుగడ్డ వేగే వాసనకు బాలవ్వ కొంగు ముక్కుకు కట్టుకుని అడుగు వేగం పెంచేది. వెనక నడిచే నర్సింగం ఊరుకునేవాడు కాదు. “గిట్ల ఉరికెటిదానివైతె పెండ్లిసూపులనాడె ఉరుకుతె అయిపోవు గదనే, నేను బతుకుదును,” అనేవాడు. ఆమె నవ్వితే ఆయాసం వచ్చేది. జాకెట్లు వదులయ్యాయి. అటు మహేశ్ కుడిచేతి నరం కూడా మూసుకుపోయింది. మెడలోకి గొట్టం వేశారు. గొట్టం దగ్గర చీముపట్టి జ్వరం వచ్చింది. అక్క ఒళ్లు ముందు తగ్గుతుందా, తమ్ముడి ఒళ్లు ముందు ఓడిపోతుందా అన్నట్టుగా నడిచాయి ఆ నెలలు. జ్వరం వచ్చిన రోజున కూడా వెంకటవ్వ రొట్టె తట్టడం మానలేదు, బాలవ్వ తినడం మానలేదు. ఇద్దరి కళ్లలోనూ నీళ్లే.

చివరి పరీక్ష నాడు పెద్ద డాక్టరు కాగితాలు చివరిదాకా తిప్పి, మళ్లీ మొదటికి వచ్చాడు. బాలవ్వ కుర్చీ అంచు గట్టిగా పట్టుకుంది. నేనడిగినంత బరువు తగ్గలేదు అన్నాడు. ఆమెకు చెవులు గింగురుమన్నాయి. కానీ షుగర్ దారికొచ్చింది, రక్తం పట్టింది, బీపీ బాగుంది, ఇది చాలు అన్నాడు. కొన్ని మాటలు ఆమెకు వినపడనేలేదు. నర్సింగం మళ్లీ చెప్పాల్సి వచ్చింది.

ఆపరేషన్‌కు ముందు సాయంత్రం అక్కాతమ్ముళ్లను పక్కపక్క గదుల్లో చేర్చారు. ఎప్పటిలాగే వెంకటవ్వ రొట్టెల డబ్బా పట్టుకుని వచ్చింది. మూత తీసేలోపే నర్సు అడ్డుపడింది. ఇక తిండి లేదు, చెప్పేదాకా నీళ్లు కూడా ముట్టొద్దు అని చెప్పి వెళ్లింది.

“ఏమంటుంది?” అంది తల్లి.

“డబ్బ మూసెయ్ అవ్వా. ఇయ్యాల్టి సంది ఒక్కపొద్దుండుమంటున్నరు.”

వెంకటవ్వ మూత నొక్కి పెట్టి, డబ్బాను ఒళ్లో పెట్టుకుంది.

“కిడ్నీ పెట్టేదాంకేనా?”

“పెట్టేదాంకే.”