మైనపు పళ్ళ గంప

ఓడ దిగిన అతిథుల కార్లు థార్న్‌లీ హోటల్ ముంగిట ఆగేసరికి, పాలరాతి మెట్ల మీద పళ్ళమ్మే మనిషి ఒకతె గంప నెత్తిన పెట్టుకుని నిలబడి ఉండాలి. హోటల్ కట్టిననాటి ఆచారమది. ఎర్ర గళ్ళ తలగుడ్డ, కుచ్చుల పావడా, గంప నిండా మామిడిపళ్ళు, అరటిపళ్ళు, అనాసలు. ఆమె మోకాళ్ళు కొద్దిగా వంచి నవ్వుతుంది. అతిథులు ఆమె పక్కన నిలబడి ఫోటో దిగుతారు. జమైకా మొత్తంలో ఇంత ముచ్చటైన స్వాగతం మరెక్కడా దొరకదని హోటల్ వారు గర్వంగా చెప్పుకునేవారు. పళ్ళు మాత్రం మైనపువి. నిజమైన పళ్ళకు ఈగలు ముసురుతాయి.

ఆ ఉద్యోగానికి ముందు ఐసిల్డా నిజమైన పళ్ళే అమ్మేది. హోటల్ గేటుకు కాస్త ఇవతల, సముద్రపు గోడ లోపలికి వంగినచోట, మామిడిపళ్ళమ్మే లెవీనియా పక్కన ఆమె పీట ఉండేది. తెల్లవారకముందే ఇద్దరూ కొండ మీది తోటల నుంచి బరువులు మోసుకుని దిగేవారు. గంప కింద పెట్టుకునే చుట్టకుదురును ఎండిన అరటాకులతో బిగించి చుట్టడం ఐసిల్డాకు లెవీనియాయే నేర్పింది. మొదటిది తానే చుట్టి ఇచ్చింది కూడా. ఐసిల్డా చివరివరకూ వాడుకున్నది దాన్నే.

మేనేజరు పెన్‌ఫోల్డ్ ఆమెను గోడ దగ్గరే చూసి ఎంచుకున్నాడు. మోకాళ్ళు అరిగిపోయిన మనిషికి నీడలో నిలబడే పని దేవుడిచ్చిన వరంలా తోచింది. కానీ మొదటి రోజే నడక కుదరలేదు.

"అంత బిర్రుగా నడుస్తావేం? కాస్త ఊగుతూ రా" అన్నాడు పెన్‌ఫోల్డ్.

"ఊగితే గంప పడిపోద్ది సార్. సంతలో ఎవరూ ఊగరు."

"ఇది సంత కాదుగా!"

ఆమె ఊగడం నేర్చుకుంది. ఆ సాయంత్రం గేటు దాటుతుంటే లెవీనియా చూసి పకపకా నవ్వింది.

"ఒసే ఐసీ, నీ నడుముకేమొచ్చిందే? తేలు గానీ కుట్టిందా?"

"నోరుముయ్యవే. నీ అరుపులకి చేపలు గూడా పారిపోతన్నాయి."

అప్పటికి అది నవ్వుకోవడానికే పనికొచ్చింది.

సమస్య కార్లతో వచ్చింది. రేవు నుంచి వచ్చే అతిథుల్లో చాలామంది గోడ దగ్గరే డ్రైవరును ఆపమనేవారు. దిగి మామిడిపళ్ళు కొనుక్కుని, అక్కడే తిని, రసం కారుతున్న చేతులతో హోటల్లోకి వచ్చేవారు. మెట్ల మీది స్వాగతం వారికి చప్పగా తోచేది. గోడ దగ్గరి ఆడవాళ్ళు దారికి అడ్డంగా కూర్చుంటున్నారనీ, వారిని తొలగించాలనీ హోటల్ కోర్టుకెక్కింది. ఆ వంపులో కూర్చున్నవారి పీటలు రోడ్డును తాకనైనా తాకవు. అందుకే హోటల్‌కు ఒక సాక్షి కావాలి. ఆ సాక్షి ఒకప్పుడు ఆ గోడ దగ్గరే కూర్చున్న మనిషైతే మరీ మంచిది.

పెన్‌ఫోల్డ్ ఆమెను బెదిరించలేదు. "నిజమే చెప్పు, అంతకు మించి ఏమీ వద్దు" అన్నాడు. "మెట్ల మీద నిలబడతామని గోడ దగ్గరి వాళ్ళు ఇద్దరు ముగ్గురు అడుగుతున్నారు. నువ్వున్నావు కదా అని నేనే వద్దన్నాను" అని కూడా అన్నాడు. ఐసిల్డాకు కొండదారి కళ్ళముందు మెదిలింది. మోకాళ్ళు వాటంతటవే సలిపాయి.

కోర్టులో హోటల్ వకీలు రెండే ప్రశ్నలు అడిగాడు. "మీరు అక్కడ అమ్ముకునే రోజుల్లో, ఆ పీటల దగ్గర కార్లు ఆగాల్సి వచ్చేదా?"

"వచ్చేది సార్."

"తరచుగానా?"

"రోజూ సార్."

వకీలు కూర్చున్నాడు. ఆమె చెప్పిన ప్రతి మాటా నిజమే. నిజాన్ని ఎక్కడ కోస్తే అబద్ధంగా మారుతుందో అతడికి బాగా తెలుసు.

లెవీనియాకు వకీలు లేడు. అడగదలచింది ఏదైనా ఉంటే అడగవచ్చని మేజిస్ట్రేటు ఆమెకు చెప్పాడు. ఆమె లేచి, తలగుడ్డ సర్దుకుని, గోడ దగ్గర కూర్చుని పలకరించినట్టే పలకరించింది.

"ఐసీ, కార్లు ఎందుకాగేవే?"

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ ఒక్క ప్రశ్నలో కేసంతా ఉంది. మన పళ్ళ కోసం ఆగేవక్కా అంటే చాలు, గోడ వంపు వాళ్ళది వాళ్ళకు మిగిలేది. ఐసిల్డా పెన్‌ఫోల్డ్ వైపు చూడలేదు. లెవీనియా వైపూ చూడలేకపోయింది. కుచ్చుల పావడా అంచు వేళ్ళతో నలుపుతూ నిలబడింది.

"సాక్షి జవాబు చెప్పాలి" అన్నాడు మేజిస్ట్రేటు.

"నాకు తెలియదు సార్."

ఆ మాట అంటున్నప్పుడే ఆమె చెవుల వెనుక వేడి పుట్టింది. మళ్ళీ ఎన్నడూ పూర్తిగా చల్లారలేదది.

వాళ్ళందరూ గోడ వదిలి వెళ్ళాలని తీర్పు వచ్చింది. కోర్టు బయట లెవీనియా ఎదురుచూస్తోంది. తిడుతుందనుకుంది ఐసిల్డా. తిడితే బాగుండుననీ అనుకుంది.

"నేను చుట్టిచ్చిన కుదురు ఉందా?"

ఐసిల్డా సంచిలోంచి తీసి ఇచ్చింది. లెవీనియా మామిడిపళ్ళు కోసే కత్తితో దాన్ని నిలువునా రెండు ముక్కలు చేసింది. పూర్వం మొగుడూ పెళ్ళాం విడిపోయేటప్పుడు ఇలాగే కోసి చెరో సగం పట్టుకుపోయేవారు. ఆ పని ఎలా చేస్తారో ఇద్దరూ తమ నాయనమ్మల నోట విన్నవారే. చేయగా చూసింది మాత్రం అదే మొదటిసారి.

"వద్దక్కా" అంది ఐసిల్డా.

"ఇదిగో, ఇది నీది. ఇది నాది" అంది లెవీనియా. కత్తి తుడుచుకుని, వెనక్కి చూడకుండా కొండదారి పట్టింది.

హోటల్‌వారు మఖమలు కుదురు ఒకటి ఇచ్చారు. ఐసిల్డా దాన్ని వాడలేదు. ఎందుకని అడిగితే చెప్పగలిగేది కాదు గానీ, తలగుడ్డ కింద ఆ సగం ముక్కనే పెట్టుకునేది. గంప ఒకవైపు ఒరిగిపోయేది. ఒక చేత్తో ఎత్తి పట్టుకోవాల్సి వచ్చేది.

"బాగుంది, చెయ్యి అలాగే ఉంచు" అన్నాడు పెన్‌ఫోల్డ్. "ఫోటోలో చక్కగా పడుతుంది."

చలికాలపు మొదటి ఓడలో, ఏటా వచ్చే ముసలి దొరసాని వచ్చింది. కారు దిగుతూనే తిన్నగా ఐసిల్డా దగ్గరికి నడిచింది.

"గోడ దగ్గర కారు ఆపమన్నాను, ఎవరూ కనబడలేదు. పెద్ద గొంతుతో పిలిచే ఆవిడ ఉండేదే, మామిడిపళ్ళావిడ! ఏమైంది పాపం? ఒంట్లో బాగాలేదా?"

పెన్‌ఫోల్డ్ పక్కనే ఉన్నాడు. ఐసిల్డా మోకాళ్ళు వంచలేదు. కోర్టులో దాచిన నిజం, ఎవరికీ పనికిరాని ఈ చోట, తనంతట తానే బయటికి వచ్చింది.

"నేనే వెళ్ళగొట్టేశానమ్మా."

దొరసాని ఒక్క క్షణం ఆమె ముఖంలోకి చూసింది. తర్వాత విరగబడి నవ్వింది.

"విన్నారా? పోటీ లేకుండా చేసుకుందట! మీ వాళ్ళ హాస్యమే వేరు" అంది.

పెన్‌ఫోల్డ్ కూడా నవ్వాడు. "మా ఐసిల్డా అంతేనండి."

"నిజమేనమ్మా" అంది ఐసిల్డా.

వాళ్ళు ఇంకా గట్టిగా నవ్వారు. దొరసాని వచ్చి ఆమె భుజానికి ఆనుకుని నిలబడింది. ఫోటో తీసేవాడు కాస్త దగ్గరగా జరగమన్నాడు. బరువన్నదే లేని ఆ గంప పక్కకు జారిపోతుంటే, ఐసిల్డా చెయ్యెత్తి పట్టుకుంది.