భావనపాడులో లేని మేళం

మేష్టారికీ నాకూ స్నేహం కుదిరింది ఒక పెళ్ళి ఊరేగింపులో. కుదిర్చింది మాత్రం అసహ్యం. అరవైల చివరి సంవత్సరాలవి. నేను శ్రీకాకుళంలో ఒక ఆఫీసులో గుమాస్తాగా చేరి ఏడాది దాటింది. ఆ సాయంత్రం ఎర్ర కోట్లు తొడుక్కుని, భుజాలకి జరీ కుచ్చులు వేలాడేసుకుని పదిహేనుమంది బ్యాండువాళ్ళు నాగావళి వంతెన వైపునుంచి సినిమా పాట వాయించుకుంటూ వస్తున్నారు. క్లారినెట్ ఆయన ఇంకా పల్లవిలో ఉండగానే డ్రమ్ము ఆయన చరణంలోకి వెళ్ళిపోయాడు. జనం మాత్రం ఊగిపోతున్నారు. నేను భరించలేక ఒక అరుగు పక్కకి తప్పుకున్నాను. అక్కడికి నాకంటే ముందే ఒకాయన తప్పుకుని ఉన్నారు.

"కోట్లు ఉతికినట్టే పాటనీ ఉతికేశారు" అన్నారాయన, నావైపు చూడకుండానే.

ఆ ఒక్కమాటతో నేను ఆయనకి దాసుణ్ణయిపోయాను. బళ్ళో లెక్కలు చెప్పేవారు. నాకంటే పదేళ్ళు పెద్ద. విజయనగరంలో పుట్టారు. ఆ సంగతి మాటకి ముందొకసారి, వెనకొకసారి చెప్పేవారు, ఆ ఊళ్ళో పుట్టడమే ఒక సంగీత పరీక్ష పాసైనట్టు. నన్ను తమ్ముడూ అనేవారు. రోజూ సాయంత్రం వంతెన దగ్గరి కాఫీ హోటల్లో కూర్చుని, ఊళ్ళో ఎవరెవరి పెళ్ళిళ్ళలో ఎవరెవరు ఏమేం పాడుచేశారో ఏకరువు పెట్టుకునేవాళ్ళం. ఎర్ర కోట్ల వాళ్ళని విని చప్పట్లు కొట్టేవాళ్ళంటే మాకు జాలి కూడా ఉండేది కాదు.

తిట్టుకోవలసినవాళ్ళు అయిపోయాక, మెచ్చుకోవలసినవాళ్ళ దగ్గరికి వచ్చాం. చిక్కంతా అక్కడే మొదలైంది. నేను వరిచేల ఊరివాణ్ణి. సెలవు దొరికితే పల్లెలు పట్టుకు తిరిగి, ఎవరూ పట్టించుకోని మేళాలు వినడం నా పిచ్చి. ఆముదాలవలస అవతల ఒక పల్లెలో జముకులకథ చెప్పే ముగ్గురున్నారు, ఆ జముకు తంతి మూలుగుతుంటే ఒళ్ళు జలదరిస్తుంది, తప్పకుండా వినండి అని మేష్టారికి చెప్పాను.

"విన్నాను తమ్ముడూ. వాళ్ళ పెద్దాయన బతికున్నప్పుడు వినాల్సింది నువ్వు" అన్నారు.

బొబ్బిలి దగ్గర గుండెలకి రేకు తప్పెట్లు కట్టుకుని గెంతుతూ పాడే జట్టు గురించి చెప్పాను. ఈమధ్య వాళ్ళకి జనం మెప్పు అలవాటైపోయిందని పెదవి విరిచారు. భోగాపురం దగ్గర ఒక సన్నాయి ఆయన ఉన్నాడని, పెళ్ళిళ్ళు ఒప్పుకోడని, సాయంత్రాలు తన చేను గట్టు మీద నిలబడి వాయించుకుంటాడని ఎంతో ఆశగా చెప్పాను. ఆయన దగ్గర తాను నాలుగు రోజులుండి వచ్చానన్నారు మేష్టారు. ఆ సన్నాయి ఆయన ఇంట్లో ఇంకొకరిని నాలుగు రోజులు పోషించేటన్ని తిండిగింజలు లేవని నాకు తెలుసు. అయినా ఊరుకున్నాను.

నేనేదో అమాయకుణ్ణని చెప్పడం లేదు. ఇచ్ఛాపురం అవతల ఒడియా వాళ్ళ కీర్తన మేళం ఒకటుందని ఆయన చెప్పినప్పుడు, దాని పేరు కూడా ఎరగని నేను "ఆ, పాతదే కదండీ" అన్నాను. ఆయన ముఖం మాడిపోవడం చూసి ఆ రాత్రి భోజనం బాగా సహించింది నాకు.

చివరికి ఒకరోజు ఓర్చుకోలేక ఒక మేళాన్ని కల్పించేశాను. భావనపాడులో ఏడుగురు జాలర్లున్నారని, అమావాస్య ముందురోజు ఒడ్డున పడవ బోర్లించి తెడ్లతో దాని వీపు మీద దరువేస్తారని, ఒకడు శంఖం పూరిస్తాడని, పెళ్ళిళ్ళకీ జాతరలకీ చచ్చినా రారని చెప్పాను. నేనంతకుముందు భావనపాడు చూసి ఎరగను.

మేష్టారు కళ్ళు మూసుకున్నారు. "ఆ శంఖం వాడు గట్టివాడు. రెండేళ్ళ కిందట నేను విన్నప్పటికే అతనికి ఊపిరి తగ్గుతోంది, పాపం" అన్నారు.

దొరికాడు అనుకున్నాను. నలుగురిలో నిలబెట్టి అడగాలని, పక్క బల్ల మీద వాళ్ళు వినేలా గొంతు పెంచి, ఆ మేళం గురించి ఇంకా చెప్పండి మేష్టారూ అన్నాను. ఆయన తడుముకోలేదు. తెడ్లకి చివర గుడ్డ చుడతారని, ఆఖరికి ఏడుగురూ ఒక్కసారి ఆగిపోతే సముద్రం ఒక్కటే వినిపిస్తుందని చెప్పారు. నేను కల్పించినదానికంటే ఆయన చెప్పింది బాగుంది. అదింకా మండింది నాకు.

గల్లా దగ్గర కూర్చుని వింటున్న హోటలాయన లేచి వచ్చాడు. ఆయన కొడుక్కి పెళ్ళి కుదిరి నెలరోజులైంది.

"ఇన్నాళ్ళూ మీరిద్దరూ సెప్పడమే గానీ సూపించిందేటి? మావోడి పెళ్ళికి ఆళ్ళనే పెట్టించేద్దాం. ఇద్దరూ ఎల్లి పిలుసుకు రండి" అన్నాడు.

వాళ్ళు పెళ్ళిళ్ళకి రారని నేనన్నాను. మీరడిగితే వస్తారని ఆయనన్నాడు. మేష్టారు నావైపు చూసి ఆదివారం వెళ్దాం అన్నారు. హోటలాయన సంచిలో తమలపాకులు, వక్కలు, కొబ్బరికాయ పెట్టి మా చేతికిచ్చాడు. శుభకార్యానికి మేళాన్ని పిలిచేటప్పుడు ఇచ్చే తాంబూలమది.

బస్సులో టెక్కలి చేరాం. అక్కడ బస్సు మారి నౌపడా దగ్గర దిగాం. ఆ మేళాన్ని విననేలేదని దారిపొడుగునా ఆయన నోటితో ఒప్పుకుంటారని ఎదురుచూశాను. ఆయన కిటికీలోంచి చూస్తూ కూనిరాగం తీస్తున్నారు, జంకన్నది లేదు. ఉప్పుమడుల మధ్య గట్టు మీద ఎండలో నడుస్తుండగా నాకు తట్టింది. ఆయనకెందుకు భయం? ఆ మేళం ఉందని ఆయన నమ్ముతున్నారు. నా మాట మీద నమ్ముతున్నారు. కనబడగానే, అప్పటికీ ఇప్పటికీ మారిపోయారని ఒక్కమాట అంటే సరిపోతుంది ఆయనకి. అక్కడ దొరికిపోయేది నేనే. చెప్పేద్దామని రెండుసార్లు నోరు తెరిచాను. తెరిచినప్పుడల్లా ఆయన చెప్పిన భోగాపురం నాలుగు రోజుల మాట గుర్తొచ్చి మూసేశాను.

ఒడ్డున ఆడవాళ్ళు ఇసకలో చేపలు ఎండబెడుతున్నారు. ఒక ముసలాయన పడవ నీడన కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. మేష్టారు నేరుగా ఆయన దగ్గరికి వెళ్ళి, ఏడుగురి మేళం ఎక్కడుంటుందని అడిగారు. పడవ బోర్లించడం, తెడ్లు, శంఖం, గుడ్డ చుట్టడం అన్నీ వర్ణించి చెప్పారు. ముసలాయన చివరిదాకా విన్నాడు.

"పడవని తెడ్లతో కొడితే పడవేటైపోతాది బాబూ?" అన్నాడు.

చేపలు తిరగేస్తున్న ఒకామె నోటికి కొంగు అడ్డుపెట్టుకుంది. మేష్టారు ముఖం ఎర్రబడింది. రెండేళ్ళ కిందట తాను స్వయంగా విన్నానన్నారు. తాను పుట్టింది పెరిగింది ఇక్కడేనని ముసలాయన చెప్పి, నావైపు తిరిగాడు.

"నువ్వూ ఇన్నావా?"

అబద్ధం దింపుకోవడానికి అంతకంటే మంచి చోటు ఉండదు. ఒడ్డున ఉన్నదే పదిమంది, వాళ్ళెవరూ మళ్ళీ నాకు కనబడరు. అయినా "విన్నాను" అన్నాను.

ముసలాయన మళ్ళీ వల చేతిలోకి తీసుకున్నాడు. మాపిటేల దాకా ఉంటే పెద్దవల లాగుతారని, అప్పుడు పాడతారని, కావాలంటే వినమని అన్నాడు. ఒకామె మాకు గంజి ఇచ్చింది. ఎండ తగ్గాక ఇరవైమంది దాకా వచ్చి రెండు జట్లుగా తాళ్ళు పట్టుకున్నారు. ఒకడు ముందు అందుకుంటే మిగిలినవాళ్ళు బదులిస్తూ వెనక్కి అడుగువేస్తున్నారు. వాళ్ళ గొంతుల్లో వగరుంది, తాళం అడుగులోంచి వస్తోంది.

మేష్టారు నా చెవి దగ్గర వంగి, ముందుపాటవాడు శ్రుతి జారుతున్నాడన్నారు. జాలరి పాటల్లో ఇది అంత పాతది కాదని నేనన్నాను. ఎవరి మాట పైన ఉండాలో అని పాట సాగినంతసేపూ గుసగుసలాడాం. ముసలాయన తాడు వదిలి మా దగ్గరికి వచ్చాడు.

"మీరు ఇనడానికొచ్చారా, ఇన్నామని సెప్పుకోడానికొచ్చారా? రండి, తాడట్టుకోండి."

పట్టుకున్నాం. తడి తాడు, ఉప్పు తాడు. పది అడుగులకే అరచేతులు మండిపోయాయి. మేష్టారు పంచె ఎగ్గట్టి, అందరితోపాటు బదులు పలుకుతూ వెనక్కి అడుగులేస్తున్నారు. అంతకాలంలో ఆయన గొంతు నేను వినడం అదే మొదలు. అపశ్రుతి. నాదీ అంతే.

వల ఒడ్డుకొచ్చాక చూస్తే చేపలు తక్కువ, నాచు ఎక్కువ. ఎవరూ పెద్దగా బాధపడలేదు. మేష్టారు సంచిలోంచి తాంబూలం తీసి ముసలాయన ముందు పెట్టి, శ్రీకాకుళంలో పెళ్ళి ఉందని, వచ్చి ఈ పాట పాడాలని అడిగారు. ముసలాయన తాంబూలాన్ని చూశాడు గానీ ముట్టుకోలేదు.

"పెళ్ళిలో ఏటి లాగాల?" అన్నాడు.

తాడు లేకపోతే తమకి పాట రాదని ఆయన మామూలుగా చెప్పి, కొబ్బరికాయ ఒక్కటి మాత్రం పిల్లలకని తీసుకున్నాడు.

టెక్కలిలో బస్సు కోసం నిలబడ్డప్పుడు నేను చెప్పేశాను. ఆ ఏడుగురూ లేరని, శంఖమూ తెడ్లూ అన్నీ నా నోట్లోంచి వచ్చినవేనని చెప్పాను. మేష్టారు అరచేతులు చూసుకున్నారు.

"నాకు తెలుసు తమ్ముడూ. నువ్వు చెప్పిన రోజే తెలుసు" అన్నారు.

నాకు నవ్వు రాలేదు, కోపమూ రాలేదు. ఆ మనిషిని ఎంత లోతుకి తవ్వినా ఇదే తగులుతుందని అర్థమైంది. తవ్వుతున్నవాడి సంగతీ అప్పుడే కొంత అర్థమైంది.

భావనపాడు మేళం ఒప్పుకోలేదని హోటలాయనకి చెప్పాం. అది నిజమే అనుకోవచ్చు. ఆయన ఎర్ర కోట్లవాళ్ళనే పెట్టించాడు. పెళ్ళిలో మేష్టారు ఒక మూల, నేనొక మూల కూర్చుని భోంచేశాం. తరవాత ఆయనకి పార్వతీపురం వైపు బదిలీ అయింది. వెళ్ళేముందు కనబడి, ఆ కొండల్లో మంచి మేళాలుంటాయని, ఉత్తరం రాస్తానని అన్నారు. రాయలేదు. నేనూ అడగలేదు.

ఇన్నేళ్ళ తరవాత ఆ సాయంత్రాన్ని తలుచుకుంటే ఒకటే సిగ్గు. శ్రుతి జారిందని మేష్టారు అన్న మాట గుర్తుంది, దానికి నేనిచ్చిన జవాబు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. ఇరవైమంది జాలర్లు పాడిన పాటలో మాత్రం ఒక్క ముక్క కూడా నాకు గుర్తులేదు.