జొన్నాకు ముడులు తిన్న మేక

మా మార్కాపురం ఇంకా కర్నూలు జిల్లాలోనే ఉన్న కాలం అది. హైదరాబాదు మనకు రాజధాని అయి ఎన్నో ఏళ్ళు కాలేదు. మా వైపు ఆ ఊరు చూసొచ్చినవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అట్లా చూసొచ్చిన పలకల వ్యాపారి ఒకాయన చార్మినారు ఎత్తు చెప్పడానికి ముందు చెయ్యి పైకెత్తేవాడు, అది చాలదనిపించి బెంచీ ఎక్కేవాడు, చివరికి 'మీకు చెప్పినా అర్థం కాదులే' అని దిగేవాడు. ఆ రోజుల్లో కోరికలు కూడా మాలాగే బక్కపల్చగా ఉండేవి. కడుపునిండా తిండి, చిరగని నిక్కరు, ఒక్కసారి హైదరాబాదు. అంతకుమించి అడిగితే దేవుడు విసుక్కుంటాడని మా భయం. ఆ మూడింటిలో చివరిది ఒక మంచి మనిషికి నా వల్ల దక్కకుండా పోయింది. ఇన్నేళ్ళకు కూడా ఆ సంగతి తలచుకుంటే ముందు నవ్వొస్తుంది, ఆ తర్వాత సిగ్గేస్తుంది.

నేను పెద్దారవీడు దగ్గర పల్లె నుంచి వచ్చి, హాస్టల్లో ఉంటూ ఏడో తరగతి చదువుతున్నాను. మాది మేకలు కాచుకునే ఇల్లు. బళ్ళో స్కౌటు దళం ఉండేది. దానికి పెద్ద డ్రిల్లు అయ్యవారే అయినా, మాకు అన్నీ నేర్పింది మాత్రం విజిలన్న. ఎస్సెల్సీ చదివేవాడు. వాళ్ళ నాయనకు బజారులో దర్జీ దుకాణం. మెడలో పేనిన తాడుకు ఒక ఇత్తడి విజిల్ వేలాడేసుకుని తిరిగేవాడు కాబట్టి ఆ పేరొచ్చింది (వేలాడటం నామమాత్రమే, ఎప్పుడు చూసినా అది ఆయన పళ్ళ మధ్యనే ఉండేది). కొత్తగా చేరిన ఒక్కొక్కణ్ణి ఒక్కొక్క పెద్దవాడికి అప్పజెప్పడం మా దళంలో పద్ధతి. అట్లా నేను ఆయన వంతుకు వచ్చాను. తాడు ముడులు, జెండా కట్టడం, మూడు వేళ్ళ సెల్యూట్, అన్నీ ఓపిగ్గా నేర్పాడు. స్కౌట్లు ఎడమ చేత్తో కరచాలనం చేసుకోవాలని కూడా నేర్పాడు. సెలవుల్లో ఇంటికి పోయి నేను మా కరణంగారికి ఎడమ చెయ్యి చాపితే, మా అవ్వ నన్ను దొడ్డిదాకా తరిమింది.

ఆ ఏడు హైదరాబాదులో స్కౌట్ల మేళా అన్నారు. బడికి ఒక్కణ్ణే పంపుతారు. పోవాలనుకున్నవాడు తన కింది పిల్లవాణ్ణి ఒకణ్ణి తయారుచేసి, కర్నూలు నుంచి వచ్చే స్కౌట్ల పెద్దాయన ముందు పరీక్షలో నెగ్గించాలి. విజిలన్నకు బళ్ళో అదే ఆఖరి సంవత్సరం. ఆ పైన చదువు లేదు, నాయన పక్కన రెండో మిషను ఎదురుచూస్తోంది. అంటే హైదరాబాదు ఇప్పుడైనా పోవాలి, లేకుంటే లేదు. రోజూ దుకాణం కట్టేసే ముందు కాసేపు కూర్చుని, మేళా కోసమని కొత్త ఖాకీ చొక్కా సొంతంగా కుట్టుకున్నాడు. గుండీలు కూడా కుట్టాక నాకు చూపించి, "ఇంగ నీ చేతిలోనే ఉంది అబ్బీ" అన్నాడు. ఆ పూట నేను అన్నం మానేసి తాడు ముడులు వేస్తూ కూర్చున్నాను.

పరీక్ష ఏమిటంటే, పెద్దవాడు ముందు పోతూ దారి పొడుగునా గుర్తులు పెట్టి ఒకచోట దాక్కోవాలి. చిన్నవాడు ఆ గుర్తులు పట్టుకుని పోయి, ఎదురుగా నిలబడి సెల్యూట్ కొట్టాలి. అప్పటిదాకా పెద్దవాడు పలకకూడదు, సైగ చేయకూడదు. పుస్తకంలో అయితే రాళ్ళతో బాణం గుర్తు పెట్టమని ఉంది. మా ఊరి బయట పలక గనుల దగ్గర నేలంతా పలక ముక్కలే. ముక్కల మీద ముక్కలతో బాణం పెడితే పెట్టినవాడికే కనపడదు. విజిలన్న రెండు రోజులు ఆలోచించి ఒక ఉపాయం కనిపెట్టాడు.

"పచ్చి జొన్నాకు తెచ్చి పొదలకు ముడేస్తా. తోక ఎటుంటే అటు పోవాల. ఎండిన కంపల మీద పచ్చగా కొట్టొచ్చినట్టు కనపడతాది. ఎట్లుంది?"

"బాగుందన్నా" అన్నాను.

నిజానికి ఆ మాట వినగానే నాకు తెలిసిపోయింది. మేకలు తిరిగే ఆ బీడు నేలలో పచ్చి జొన్నాకు కట్టడమంటే మేకలకు విస్తరి వేయడమే. దర్జీ ఇంట్లో పుట్టినవాడికి అది తెలియదు. మేకల మధ్య పుట్టిన నాకు తెలుసు. కానీ అంత పెద్ద లీడరుకు ఏడో తరగతివాడు చెప్పడమా? పైగా ఆయన ముఖంలో ఆ సంతోషం చూశాక చెప్పబుద్ధి కాలేదు.

పరీక్షనాడు పొద్దున్నే కర్నూలు పెద్దాయన గొడుగు వేసుకుని, డ్రిల్లు అయ్యవారిని పక్కన పెట్టుకుని నా వెనకే బయలుదేరాడు. భారీ మనిషి కావడంతో కాసేపటికే నాకు చాలా వెనకబడ్డాడు. మొదటి ముడి దొరికింది. రెండోదీ దొరికింది. మూడో పొద దగ్గర చూస్తే ముడి లేదు, నమిలి వదిలిన ఈనె మాత్రం వేలాడుతోంది. కింద దుమ్ములో మేక గిట్టలు, పక్కన వేడివేడి పెంటికలు. ఒంటి మేక. అంతలో బుర్రలో దీపం వెలిగింది. ఈ మేక ఒక ముడి తిని రుచి మరిగి ఇంకో ముడికి పోయి ఉంటుంది. అంటే మేక పోయిన దారే విజిలన్న పోయిన దారి! ఇక గుర్తులతో నాకేం పని? మా నాయన నేర్పిన విద్య ఉండగా? గిట్టల వెంటపడ్డాను. నాలుగో పొద దగ్గర ఈనె, అయిదో పొద దగ్గర ఈనె. నా అంత స్కౌటు ఈ భూమ్మీద లేడనిపించింది.

ఆ మిడిసిపాటులోనే పలక ముక్కల కుప్ప ఒకటి దాటిపోయాను. విజిలన్న దాని వెనకే, నాకు పది బారల దూరంలో, మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడట. ముడులు అక్కడితో అయిపోయాయి. మేక మాత్రం ఆగలేదు, దాని వెనకే నేనూ ఆగలేదు. ముందర పాత గని గుంత ఉంది. మేకలు అట్లాంటి గుంతల అంచున సరదాగా నడుస్తాయి. నేను తల వంచుకుని, నేలను చూసుకుంటూ, సరాసరి దాని మీదికి పోతున్నాను.

విజిల్ మోగింది.

అది మామూలు మోత కాదు. బీట్లో పిట్టలన్నీ లేచాయి, వెనక పెద్దాయన గొడుగు జారింది, నేను తిన్న మేక కూడా ఎగిరి పారిపోయింది (నేను తిన్న మేక కాదు, ముడులు తిన్న మేక, ఇప్పటికీ ఆ సంగతి చెప్పేటప్పుడు నాకు తడబాటే). వెనక్కి తిరిగితే విజిలన్న కుప్ప మీద నిలబడి ఉన్నాడు, ముఖం సున్నం కొట్టినట్టు ఉంది.

"గుంత రా! గుంత!"

పెద్దాయన ఆయాసం తీర్చుకుని, జరిగిందంతా విని, విజిలన్న భుజం తట్టి, "మంచి పని చేసినావు నాయనా. కానీ రూలు రూలే" అన్నాడు. హైదరాబాదు ఇంకో పిల్లవాడికి పోయింది. నేను వెక్కివెక్కి ఏడుస్తుంటే విజిలన్నే నన్ను ఊరుకోబెట్టాడు. "ఏంది రా ఆ ఏడుపు? మేక పాసయింది గదా, అదీ నీలాంటిదే." అని నవ్వించాడు. ఇంటికి పోయేటప్పుడు మాత్రం విజిల్ నోట్లో లేదు.

రెండేళ్ళకు ఆ అవకాశం నాకొచ్చింది. చెప్పడానికి దుకాణానికి పోతే, విజిలన్న మిషను ఆపి, లోపలి నుంచి ఆ ఖాకీ చొక్కా తెచ్చాడు. అప్పటిదాకా మడత కూడా విప్పినట్టు లేదు. నా ఒంటికి పెట్టి చూసి, భుజాల దగ్గర, పక్కల కుట్టు లోపలికి పట్టి, అప్పటికప్పుడు సరిచేసి ఇచ్చాడు. "ఇదన్నా చూసొస్తాది" అన్నాడు. చార్మినారు కింద నిలబడినప్పుడు నేను పైకి చూడలేదు. ఆ గుండీల వైపే చూసుకున్నాను, కళ్ళు నిండిపోయాయి.

ఒక మాట మాత్రం ఆయనకు ఎన్నో ఏళ్ళు చెప్పలేకపోయాను. ఆ రోజు గుంత నాకు కనపడింది. మేకలు కాచే ఇంటి పిల్లవాడు గుంత చూడకుండా నడుస్తాడా? మరో నాలుగడుగులు వేసి ఆగేవాణ్ణే. ఊరంతా 'విజిలన్న ప్రాణం కాపాడినాడు' అంటుంటే, కాదని చెప్పి ఆయనకు మిగిలిన ఆ ఒక్కటి కూడా లాక్కోలేకపోయాను. ఇద్దరికీ తల నెరిశాక, ఒకనాడు ఆయన దుకాణంలో టీ తాగుతూ అసలు సంగతి చెప్పేశాను.

ఆయన సూదిలో దారం ఎక్కిస్తూ తలెత్తలేదు. "తెలుసు లేరా. మేకలోళ్ళ పిల్లోడు గుంతలో పడతాడా?"

"తెలిసి ఎందుకు ఊదినావన్నా మరి?"

"అది ఊదినాక గుర్తొచ్చింది" అన్నాడు.

జొన్నాకును మేకలు తింటాయన్న సంగతి నాకు ముందే తెలుసనే మాట కూడా ఆ రోజే చెప్పాలని పోయాను. చెప్పలేదు. టీ తాగేసి వచ్చేశాను. ఆ పాత ఖాకీ చొక్కా ఇప్పటికీ నా పెట్టెలో ఉంది. అప్పుడప్పుడు తీసి, నా బొజ్జ మీద పెట్టుకుని చూసి, కుట్టు విప్పడానికి ఆయన దగ్గరికే పోవాలి కదా అని నవ్వుకుంటాను. అట్లా పోయిననాడు ఆ మాట కూడా చెప్పేస్తాను.