మా ఇంట్లో పేస్టు బంద్ అయిన కాలం

పొద్దున్నే హాస్టల్ గదిలో పేస్టు మూత తీయగానే పుదీనా, లవంగం కలిసిన తీయటి వాసన గుప్పుమంటుంది. నా గదిలోని అమ్మాయిలకు ఆ వాసన రాగానే ఆఫీసు బస్సు గుర్తొచ్చి పరుగులు పెడతారు గానీ, నాకు మాత్రం రామన్నపేట అవతల మా ఊళ్ళో, నీళ్ళ గోలెం పక్కన నడుము మీద చేతులు పెట్టుకుని మమ్మల్ని కాపలా కాస్తున్న మా అవ్వ కనిపిస్తుంది. అవ్వ అంటే మా బాపును కన్నతల్లి. కూర్చుంటే లేవడానికీ, లేస్తే కూర్చోవడానికీ ఆమెకు ఇంకొకరి చెయ్యి కావాలి, నోటికి మాత్రం ఎవరి సాయమూ అక్కర్లేదు.

ఆమె కీళ్ళను అట్లా బిగించింది మా బోరు నీళ్ళే. ఆ నీళ్ళల్లో ఫ్లోరైడ్ ఎక్కువ. అవి తాగి పెరిగిన మా అందరివీ గార పండ్లు, అంటే గోధుమరంగు మరకలు పడ్డ పళ్ళు. నేను చాలా రోజులు అదే లోకరీతి అనుకున్నాను. పాలపండ్లు తెల్లగా వస్తాయి, అవి ఊడిపోయాక వచ్చేవి గోధుమరంగులో వస్తాయి, ముసలితనంలో జుట్టు నెరిసినట్టే ఇదీ అనుకున్నాను. బొగ్గుతో, ఉప్పుతో, ఇటుకపొడితో చిగుళ్ళు మండేదాకా రుద్దినా ఆ రంగు పోయేది కాదు.

తెలంగాణ వచ్చిన ఆ రోజుల్లోనే, ఇంకా వాడవాడలా రంగులు చల్లుకుంటూ ఉండగానే, మా చెల్లె లావణ్య పుట్టింది. పురుటి స్నానం కాకముందే అవ్వ ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి హుకుం జారీచేసింది.

"మన బతుకులెట్లనో గట్ల ఎళ్ళిపోయినయ్. గీ పిల్ల పండ్లన్న తెల్లగ రావాలె. బోరు నీళ్ళ సుక్క దీని నోట్ల పడితె ఊకోను."

అప్పటినుంచి బాపు బండి మీద ఫిల్టర్ నీళ్ళ క్యాను తెచ్చేవాడు. అవి లావణ్యకు మాత్రమే. దాని పాలల్లోకి, దాని బువ్వలోకి, దాని గొంతులోకి తప్ప ఇంకెక్కడికీ పోకూడదు. బత్తాయి తోటలో పొద్దంతా పనిచేసి వచ్చిన బాపు కూడా ఆ క్యానును ఓరకంట చూసుకుంటూ బోరు నీళ్ళే తాగేవాడు. కొన్నాళ్ళకు ఇంటింటికీ నల్లాలు పెట్టి కృష్ణా నీళ్ళు వదిలినప్పుడు ఊరంతా బిందెలు మోగించి పండగ చేసుకుంది, అవ్వ మాత్రం ఒక గుక్క తాగి, "గివేం నీళ్ళు, సప్పగ?" అని మూతి ముడిచి, ఆ వెంటనే నల్లాకు పసుపు రాసి బొట్టు పెట్టింది.

ఎంత మంచి రోజులవి! వానలు పడగానే పెసరచేల పచ్చివాసన, బతుకమ్మ పండక్కి తంగేడు, గునుగు పూల కోసం గట్ల వెంట తిరిగి కాళ్ళకు ముళ్ళు గుచ్చుకుని రావడం, నువ్వులు దంచి బెల్లం కలిపిన సత్తుముద్దలు, పల్లీల సత్తు, చలి ముదిరితే పొయ్యి దగ్గర జొన్నరొట్టె మీద వెల్లుల్లి కారం, ఎండాకాలం తాటిముంజలు, మధ్యాహ్నాలు వేపచెట్టు నీడలో కచ్చకాయల ఆట. లావణ్య మాత్రం ఏ కాలంలోనైనా ఒకటే పండగ చేసేది, బుగ్గన చాక్లెట్ పెట్టుకుని తిరిగేది.

ఒకసారి బాపు నకిరేకల్ మార్కెట్లో బత్తాయిలు అమ్మి, వస్తూ వస్తూ పెద్ద పేస్టు డబ్బా తెచ్చాడు. నేను అప్పుడే ఇంగ్లిషు అక్షరాలు కూడబలుక్కుని చదవడం నేర్చి, కనిపించినదల్లా చదివి ఇంట్లో వాళ్ళ ప్రాణాలు తోడుతున్నాను. డబ్బా వెనక చిన్న అక్షరాల్లో సోడియం మోనోఫ్లోరోఫాస్ఫేట్ అని ఉంటే నాలుక మూడు వంకర్లు తిరిగింది. దాని కిందే ఫ్లోరైడ్ అన్న మాట కనిపించింది. అది మా బడి గోడ మీద ఎర్రరంగుతో రాసి ఉన్న మాటే కాబట్టి గొప్పగా, గట్టిగా చదివాను.

అవ్వ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేచి నిలబడింది.

"బోర్ల నుంచి ఎళ్ళగొడితె డబ్బల దూరి వచ్చిందా ముండ!"

కొత్త పేస్టు పెంటకుప్ప మీద పడింది. ఆ సాయంత్రానికి వాడ వాడంతా అవ్వ మాట విని పేస్టులు పారేసింది. దుకాణం మస్తాన్ భాయ్ లబోదిబోమంటూ మా ఇంటికొచ్చాడు.

"అవ్వా, జర ఆలోచించు. మస్తు మాల్ తెచ్చి పెట్టిన, ఎవలకమ్మాలె?"

"యాపపుల్లలు అమ్ముకో బిడ్డా, గిరాకి బాగుంటది."

అట్లా మా ఇంట్లో పేస్టు బంద్ అయింది. పెద్దవాళ్ళం వేపపుల్ల నమిలాం. లావణ్య చేదని ఏడ్చి, పుల్లను అట్లా తాకించి ఇట్లా పారేసి, మళ్ళీ చాక్లెట్ వేసుకునేది. చివరికి ఒకరోజు బుగ్గ వాచి, దవడపన్ను పట్టుకుని ఇల్లు ఎగిరిపోయేలా ఏడ్చింది. బాపు దాన్నీ, అవ్వనూ, తోడుగా నన్నూ నల్లగొండ తీసుకుపోయాడు.

పళ్ళ డాక్టరమ్మ చూసి, దవడపన్ను పుచ్చిందని చెప్పి, దేంతో తోముతున్నారని అడిగింది. ఫ్లోరైడ్ పేస్టును గడప తొక్కనివ్వలేదని అవ్వ రొమ్ము విరుచుకుని చెప్పింది. డాక్టరమ్మ నవ్వి, పేస్టులో ఉన్న ఆ కొంచెం ఫ్లోరైడే పళ్ళను కాపాడుతుందంది.

"తాగితె పాడుచేసిందే తోమితె బాగుచేస్తదా? నన్ను పిచ్చిదాన్ని చేస్తున్నవా బిడ్డా?"

"అవ్వా, నువ్వు పాన్ ఏసుకుంటవు గదా. సున్నం ఎంత పెడ్తవ్?"

"గోరంత."

"ఎక్కువ పెడితె?"

"నోరు పొక్కదా మరి!"

"గంతే అవ్వా. గిదీ గట్లనే."

అవ్వకు సున్నం సంగతి ఇంకొకరు చెప్పక్కర్లేదు, వెంటనే మెత్తబడింది. అప్పుడు డాక్టరమ్మ ఓపికగా విడమరిచి చెప్పింది. తీపి తిన్నాక నోట్లో పుట్టే పులుపు పంటి పైపొరను కొరికేస్తుంది, పేస్టులోని మందు ఉమ్మిలో కరిగి ఆ చోటును మళ్ళీ గట్టిచేస్తుంది. గార పట్టడం వేరు. అది చిగురు లోపల పన్ను తయారయ్యే పసితనంలో, ఎక్కువ ఫ్లోరైడ్ ఏళ్ళతరబడి కడుపులోకి పోతే వస్తుంది. కాబట్టి పిల్లకు బఠాణీ గింజంత పేస్టు చాలు, మింగకుండా ఉమ్మాలి, డబ్బా పిల్లల చేతికి అందకూడదు, ఒక్కసారే ఎక్కువ మింగితే కడుపునొప్పి, వాంతులు.

అసలు చిక్కు అక్కడే వచ్చింది. లావణ్యకు పేస్టు రుచి తెగ నచ్చింది, పెట్టింది పెట్టినట్టు మింగేసేది. దాని కొత్త పండ్లు చిగుళ్ళలోనే ఉన్నాయి, అవ్వ గుండె గుప్పెట్లో ఉంది. ఆలోచించి ఆలోచించి ఆమె ఉమ్ముడు పందెం పెట్టింది. వాడలోని పిల్లలందరినీ పొద్దున్నే మా వాకిట్లో వరుసగా నిలబెట్టి, తానే గింజంత గింజంత పేస్టు పెట్టి, నురుగు ఎవరు దూరం ఉమ్మితే వాళ్ళకు సత్తుముద్ద అంది. లావణ్య గెలుపు కోసం చుక్క కూడా మింగేది కాదు. నురుగు పడి మా గేదె మొహం తెల్లబడింది, దారిన పోయే మస్తాన్ భాయ్ పైజామా తడిసింది, అయినా పేస్టు మళ్ళీ అమ్ముడవుతోంది కదా అని ఆయన కిక్కురుమనలేదు.

ఆ తర్వాత లావణ్య ముందుపన్ను ఊడింది. అవ్వ దాన్ని పేడముద్దలో పెట్టి ఇంటిమీదికి విసరబోయింది, బిగిసిన భుజం లేవక అది బాపు నెత్తిన పడింది. మేమంతా పొట్టలు పట్టుకుని నవ్వాం. ఇక రోజూ పొద్దున పిల్లను ఎండలోకి లాక్కొచ్చి, పెదవి పైకెత్తి, చిగురులోకి తొంగి చూడడమే అవ్వకు పని. ఒకరోజు చిన్న అంచు కనిపించింది. అవ్వ చూపు ఆనక నన్ను పిలిచింది, నేను వంగి చూశాను. తెల్లగా ఉంది. బియ్యపు నూకలా తెల్లగా ఉంది. అవ్వ ఏడ్చింది, నన్ను కౌగిలించుకుంది, పిల్లను చంకనెత్తుకోలేక చెయ్యి పట్టుకుని ఇల్లిల్లూ తిప్పి నోరు తెరిపించి చూపించింది.

ఇప్పుడు మా బోరు తుప్పుపట్టి ఉంది. ఇటుకపొడి ఎవరూ నూరరు, ఉమ్ముడు పందేలు లేవు, వాకిళ్ళకు సిమెంటు వేశారు. లావణ్య పెద్దదై, నవ్వితే ఇంటికి వెలుగొస్తుంది. హైదరాబాద్‌లో నా పళ్ళు చూసి ఎవరైనా అదోలా మొహం పెడితే నాకిప్పటికీ మనసు చివుక్కుమంటుంది. మా ఊళ్ళో మాత్రం ఆ బాధ ఎన్నడూ లేదు, అక్కడ నా ఈడు వాళ్ళందరివీ అవే పళ్ళు కదా. మొన్న సెలవుకు పోయినప్పుడు నల్లా నీళ్ళు తాగి పెరిగిన పక్కింటి చిన్నపిల్ల నా ఒళ్ళో కూర్చుని జామకాయ తింటూ, ఉన్నట్టుండి నా నోట్లోకి వింతగా చూసింది.

"అక్కా, నీ పండ్లు గట్లెందుకున్నయ్?"

మంచం మీద పడుకున్న అవ్వ తల ఎత్తి, ఆ పిల్లను దగ్గరికి రమ్మని, మొహమంతా సంతోషంతో అంది:

"ఏమన్నవ్ బిడ్డా? జర గట్టిగడుగు, నన్ను గూడ ఇననియ్యి."