వాన ఉప్పగా ఎందుకుండదంటే

ఈ రోజు ఒక పూట పని ఎగ్గొట్టి బడికెళ్ళాను. ఊరికే కాదు, కోపంతో.

రెండో తరగతి చదివే మా అన్న కూతురు నిన్న ఏడ్చుకుంటూ ఇంటికొచ్చింది. సముద్రం నీళ్ళే ఆవిరై వానగా పడతాయని టీచరమ్మ చెప్పారట. "మరి వాన ఉప్పగా ఎందుకుండదు?" అని ఇది అడిగిందట. "పిచ్చి ప్రశ్నలు వెయ్యకు, కూర్చో" అన్నారట. ఇక జన్మలో చెయ్యెత్తనని దీని ఒట్టు.

నేను పదో తరగతి తప్పినదాన్నే. కానీ నౌపడ ఉప్పు మడుల్లో పనిచేస్తాను. ఆ ప్రశ్నకి జవాబు రోజూ నా అరికాళ్ళని కోస్తూనే ఉంటుంది.

మడిలో పెట్టిన సముద్రం నీళ్ళు గిన్నెతో పట్టుకెళ్ళి, బడిలో అన్నం వండే పొయ్యి మీద మరిగించి, పైన పళ్ళెం మూతేశాను. మూతకి పట్టిన చుక్కలు చల్లారాక పిల్లల చేతుల్లో రాల్చాను.

"ఇదేరా వాన. నాకి సూసి సెప్పండి, ఎలాగున్నాది?"

"సప్పగున్నాది!"

"ఇప్పుడు గిన్నె అడుగున తెల్లగా పేరుకున్న ఉప్పు సూడండి. నీళ్ళే పైకెళ్తాయి, ఉప్పు మా దగ్గరే ఉండిపోతాది."

టీచరమ్మ కూడా ఒక చుక్క నాకారు. "పాప మంచి ప్రశ్నే అడిగింది, నేనే తప్పుగా అన్నాను" అని అందరి ముందూ చెప్పారు. నాకు కావలసింది అదే!

గెలిచి వచ్చేస్తుంటే వెనకనుంచి మా పిల్ల చెయ్యెత్తింది.

"అత్తా, మరి సముద్రానికి ఉప్పెక్కడిది?"

నాకు తెలీదు. తెలిసినవాళ్ళు కింద రాయండి. పిచ్చి ప్రశ్న అన్నారో, మీ ఇంటికీ గిన్నెతో వస్తాను.